ప్రభుత్వం మారేటప్పుడు సర్కారు సోషల్ మీడియా ఖాతాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఎన్నికలొచ్చిన ప్రతిసారీ నా ఇన్‌బాక్సులోకి అవే సందేహాలు వస్తుంటాయి. సగం శాఖల హ్యాండిళ్లు నడిపేవాళ్లవి, సగం వాటిని ఫాలో అయ్యేవాళ్లవి. నేను ఒక శాఖ పేజీకి కొన్నేళ్లు అడ్మిన్‌గా పనిచేశాను. ప్రభుత్వం మారడం ఆ కుర్చీలో ఉండగానే రెండుసార్లు చూశాను. ఒక్కొక్కరికీ విడిగా రాయలేక ఇలా ఒకచోట పెట్టాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

## ఎన్నికల ప్రకటన వచ్చాక

కోడ్ వచ్చిందంటే శాఖ పేజీలో అసలు ఏమీ పెట్టకూడదా?

పెట్టొచ్చు. వరద హెచ్చరిక, పరీక్ష తేదీ మార్పు, టీకా శిబిరం వివరాలు, మూసేసిన రోడ్డు సమాచారం ఎప్పట్లాగే వెళ్లాలి. ఆగాల్సింది ప్రచారం: ఘనతల జాబితాలు, కొత్త పథకాల ప్రకటనలు, కళ్లు చెమర్చే లబ్ధిదారుల వీడియోలు. భారత్‌లో ఎన్నికల సంఘం షెడ్యూలు ప్రకటించగానే ప్రవర్తనా నియమావళి అమల్లోకి వస్తుంది. ఆస్ట్రేలియాలో ప్రతినిధుల సభ రద్దయినప్పుడు ఆపద్ధర్మ సంప్రదాయాలు మొదలవుతాయి. బ్రిటన్‌వాళ్లు ఈ కాలాన్ని చాలాకాలం "పర్దా" అన్నారు. మన పరదా మాటే అది. ఇప్పుడు కాగితాల మీద "ఎన్నికల ముందు కాలం" అని రాస్తున్నారు.

అనుమానం వచ్చినప్పుడు నేను చేసేది ఒకటే. పోస్టులోంచి మంత్రి పేరూ ఫోటో తీసేసి మళ్లీ చదువుతాను. జనానికి పనికొచ్చే ముక్క ఇంకా మిగిలితే పెడతాను. ఏమీ మిగలకపోతే పై అధికారిని అడగాల్సిన అవసరం కూడా ఉండదు.

మంత్రి ఫోటో ఉన్న పాత పోస్టులన్నీ డిలీట్ చేయాలా?

తొందరపడొద్దు. డీపీ, కవర్ ఫోటో, బయో, పిన్ చేసిన పోస్టు ఈ నాలుగూ ముందు మార్చండి. పేజీ తెరవగానే కనిపించేవి అవే. అధికారిక వెబ్‌సైట్లలో మంత్రుల, నాయకుల, పార్టీల ప్రస్తావనలు తీసేయమని భారత ఎన్నికల సంఘం కోడ్ వచ్చినప్పుడల్లా చెబుతుంది. రెండేళ్ల కిందటి తేదీతో టైమ్‌లైన్ అడుగున ఉన్న పోస్టు సంగతి వేరు. అది ప్రభుత్వ రికార్డు. దాన్ని కనిపించకుండా చేయమని ఆదేశం వస్తే రాతపూర్వకంగా తీసుకోండి. చేసేముందు కాపీ దాచండి. వీలున్నచోట డిలీట్ నొక్కకుండా ఆర్కైవ్ చేయండి. ఫోన్లో "అన్నీ పీకెయ్" అని చెప్పిన అధికారి ఆర్నెల్ల తర్వాత సమాచార హక్కు దరఖాస్తు వచ్చినప్పుడు ఆ ఫోన్ సంగతి మర్చిపోతారు.

ముందే షెడ్యూల్ చేసిన పోస్టు కోడ్ వచ్చాక దానంతటదే వెళ్లిపోతే?

నాకే జరిగింది. మధ్యాహ్నం మూడింటికి ఎన్నికల షెడ్యూలు ప్రకటించారు. మూడుంబావుకల్లా పేజీలోని షెడ్యూల్ పోస్టులన్నీ తీసేశాం. కానీ ఏజెన్సీవాళ్లు వేరే టూల్‌లో ఒకటి పెట్టుకున్నారు, అది మాకు కనబడదు. సరిగ్గా ఆరింటికి మంత్రిగారు రిబ్బన్ కత్తిరిస్తున్న ఫోటో పేజీలో ప్రత్యక్షమైంది. పద్దెనిమిది నిమిషాలు ఉంది. ఆ పద్దెనిమిది నిమిషాలకు నేను నాలుగు పేజీల సంజాయిషీ రాశాను.

పెద్ద స్థాయిలోనూ ఇలాంటిది జరిగింది. 2024 మార్చి 16న లోక్‌సభ ఎన్నికల కోడ్ వచ్చాక కూడా కేంద్ర ప్రభుత్వ "వికసిత్ భారత్" సందేశాలు జనం వాట్సాప్‌లకు చేరుతూనే ఉన్నాయి. మార్చి 21న ఎన్నికల సంఘం వాటిని వెంటనే ఆపమని ఐటీ శాఖను ఆదేశించింది. కోడ్‌కు ముందే పంపామనీ, నెట్‌వర్క్ పరిమితుల వల్ల కొన్ని ఆలస్యంగా చేరాయనీ శాఖ వివరణ ఇచ్చుకుంది. అందువల్ల ఎన్నికల నెల దగ్గరపడగానే షెడ్యూలింగ్ మానేసి చేత్తో పోస్టు చేయడం మేలు. ఎన్ని టూల్స్‌కు పేజీ అనుమతి ఉందో సెట్టింగుల్లో కనిపిస్తుంది, అది ఒకసారి చూసుకోండి.

కోడ్ ఉన్నప్పుడు కామెంట్లు మూసేయాలా?

మూసేయక్కర్లేదు గానీ గమనించే మనిషి ఉండాలి. పార్టీల కొట్లాట మీ శాఖ పోస్టు కింద జరిగితే చూసేవాళ్లకు మీరే వేదిక ఇచ్చినట్టు ఉంటుంది. ఫిర్యాదులూ సాయం అడిగే కామెంట్లూ అక్కడే వస్తాయి కాబట్టి తలుపులు బిగించేస్తే వాళ్లు నష్టపోతారు. రాత్రిపూట చూసే మనిషి లేకపోతే రాత్రికి మాత్రం ఆపండి.

## ఫలితాలు వచ్చాయి, ప్రమాణస్వీకారం కాలేదు

గెలిచిన నాయకుడికి శాఖ పేజీ నుంచి అభినందనలు చెప్పొచ్చా?

వద్దు. ప్రమాణస్వీకారం అయ్యాక, పదవి పేరుతో, ఒక్క పోస్టు చాలు.

అసలు ఈ ఖాతా ఎవరిది? దిగిపోయేవాళ్లు వెంట తీసుకెళ్లొచ్చా?

పదవి పేరుతో ఉన్న ఖాతా కుర్చీది. కూర్చున్న మనిషిది కాదు. అమెరికా అధ్యక్షుడి "పోటస్" ఖాతా ఒబామా హయాంలో 2015 మే 18న మొదలైంది. 2017 జనవరి 20న అది ట్రంప్‌కు వెళ్లింది. ఒబామా కాలపు ట్వీట్లను "పోటస్44" అనే ఖాతాలో దాచారు. పేరు కొత్తవాళ్లకు, రాతలు భద్రానికి. ఈ పద్ధతే ఆ తర్వాతి మార్పుల్లోనూ నడిచింది.

ముందుగా అనుకోకపోతే ఏమవుతుందో 2014 మేలో మన ప్రధాని కార్యాలయం ఖాతా విషయంలో చూశాం. పన్నెండు లక్షలకు పైగా ఫాలోవర్లున్న "పీఎంఓ ఇండియా" ఖాతా పేరును దిగిపోతున్న బృందం "పీఎంఓ ఇండియా ఆర్కైవ్"గా మార్చింది. రికార్డు భద్రం చేయడానికేనని వాళ్లన్నారు. ఇది అనైతికమని గెలిచిన బీజేపీ మండిపడింది. చివరికి ఆ హ్యాండిల్ కొత్త ప్రభుత్వానికి దక్కింది. నా ఉద్దేశంలో ఆర్కైవ్ చేయాలన్న ఆలోచన మంచిదే. కొత్తవాళ్లతో ఒక్క మాట అనుకోకుండా పేరు మార్చడమే గొడవంతా తెచ్చింది.

సొంత ఖాతాలో ప్రభుత్వ పనులు రాసేవాళ్ల సంగతి ఇంత తేలిక కాదు. 2024 మార్చి 15న అమెరికా సుప్రీంకోర్టు ఒక నగర మేనేజర్ ఫేస్‌బుక్ పేజీ కేసులో రెండు ప్రశ్నలు వేసుకోమంది. ప్రభుత్వం తరఫున మాట్లాడే అధికారం ఆ మనిషికి నిజంగా ఉందా? ఆ పోస్టులో ఆ అధికారాన్నే వాడుతున్నట్టు కనిపించాడా? రెండింటికీ అవునంటేనే అది ప్రభుత్వ చర్య. సొంత పేజీలో మనవడి ఫోటో, దాని కిందే రోడ్ల టెండరు వార్త పెట్టే అధికారులు దీన్ని రెండుసార్లు చదవాలి.

నేను పాత నాయకుడి కోసం ఫాలో అయ్యాను. కొత్తవాళ్లు నా ఫీడ్‌లోకి ఎలా వచ్చారు?

ఖాతా చేతులు మారినప్పుడు ఫాలోవర్లూ దానితోపాటే వెళ్లారు కాబట్టి. దీనికి ప్రపంచంలో ఒకే రూలు లేదు. అమెరికా అధ్యక్ష పదవి ఖాతాలకే మూడుసార్లు మూడు రకాలుగా జరిగింది. 2017లో ట్విట్టర్ అమెరికా అధ్యక్షుడి ఖాతా ఫాలోవర్లను కొత్త అధ్యక్షుడికీ పాత ఆర్కైవ్‌కూ రెండింటికీ ఇచ్చింది. ఆ మార్పిడిలో పొరపాటు జరిగి సుమారు 5.6 లక్షల మంది తాము కోరని ఖాతాను ఫాలో అవుతున్నట్టు తేలితే ఆ సంస్థ అధిపతి జాక్ డోర్సీ క్షమాపణ చెప్పారు. 2021లో అదే సంస్థ ఆ ఖాతా పాత ఫాలోవర్లను బైడెన్‌కు బదిలీ చేయలేదు. బైడెన్ బృందం నొచ్చుకుంది. 2025 జనవరిలో ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లో ఫాలోవర్లు యథాతథంగా బదిలీ అయ్యారు. "మేం ఎవర్నీ బలవంతంగా ఫాలో చేయించలేదు, శ్వేతసౌధం పేజీలో మనుషులు మారారంతే" అన్న అర్థంలో మెటా జవాబిచ్చింది.

వాతావరణ శాఖ, రవాణా శాఖ లాంటి పేజీలకు ఫాలోవర్లు కొనసాగాల్సిందే. జనం అక్కడ చేరింది సేవ కోసం. మనిషిని చూసి చేరే అధినేతల ఖాతాల్లో మాత్రం సున్నా నుంచి మొదలుపెట్టడమే న్యాయమని నాకనిపిస్తుంది.

పాస్‌వర్డ్ అప్పగింతలో ఏమేం చూడాలి?

పాస్‌వర్డ్ అందులో చిన్న ముక్క. అసలు పని ఓటీపీ దగ్గర ఉంటుంది. మొదటిసారి నేను ఛార్జ్ తీసుకున్నప్పుడు సీల్ చేసిన కవర్లో పాస్‌వర్డ్ ఇచ్చారు, సంతకం పెట్టించుకున్నారు, అంతా పద్ధతిగా ఉంది. లాగిన్ నొక్కితే ఓటీపీ చివర 41 ఉన్న నంబరుకు వెళ్లింది. ఆ నంబరు ఎవరిదో ఆఫీసులో ఎవరికీ తెలీదు. రెండు రోజులు వెతికితే, ఏడాది కిందట మానేసిన ఔట్‌సోర్సింగ్ కుర్రాడి సొంత సిమ్ అని తేలింది. మంచివాడు, ఫోన్ ఎత్తి ఆరంకెలూ చదివాడు. ఎత్తకపోతే?

కాబట్టి మొదట రికవరీ ఈమెయిల్, ఫోన్ నంబరు ఆఫీసువి అయ్యేలా చూడండి. తర్వాత ఫేస్‌బుక్ పేజీలో పూర్తి అధికారం ఉన్న వ్యక్తుల జాబితా తీయండి. అక్కడ పాత మంత్రి పేషీ మనుషులు, ప్రకటనల ఏజెన్సీ, ఎప్పుడో బదిలీ అయిన అధికారి వరుసగా కనిపిస్తారు. ఒక్కొక్కరినీ తీసేసే ముందు కొత్త అడ్మిన్ నిజంగా లోపలికి వచ్చాడో లేదో చూడండి. లేకపోతే తలుపు మీకే పడిపోతుంది. యూట్యూబ్ ఛానల్ ఏ గూగుల్ ఖాతా మీద ఉందో, వాట్సాప్ ఛానల్ ఏ ఫోన్లో ఉందో, ప్రకటనల బిల్లు ఎవరి కార్డు మీద పోతోందో కూడా రాసుకోవాలి. చివరగా అన్ని పరికరాల్లోంచీ లాగవుట్ నొక్కండి.

ఇదంతా చాదస్తం అనుకునేవాళ్లకు రెండు ఉదాహరణలు. 2018 జనవరి 13న హవాయిలో క్షిపణి దాడి అని తప్పుడు హెచ్చరిక వెళ్లింది. అది తప్పని గవర్నర్‌కు రెండు నిమిషాల్లో తెలిసినా ట్వీట్ వచ్చేసరికి హెచ్చరిక వెళ్లి 17 నిమిషాలైంది. ట్విట్టర్ లాగిన్ వివరాలు గుర్తులేవని ఆయనే తర్వాత ఒప్పుకున్నారు. 2024 జనవరి 9న అమెరికా స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ ఖాతాలో బిట్‌కాయిన్ గురించి దొంగ ప్రకటన వచ్చింది. ఖాతాకు ముడిపడిన ఫోన్ నంబరును దుండగులు తమ సిమ్‌లోకి మళ్లించుకున్నారు. లాగిన్ ఇబ్బంది వచ్చి అంతకుముందు జులైలో తీయించిన రెండంచెల రక్షణను మళ్లీ పెట్టుకోలేదు. ప్రభుత్వం మారే వారంలో ఇలాంటి సందులు ఇంకా ఎక్కువ ఉంటాయి.

## కొత్త ప్రభుత్వం, తొలి వారాలు

శాఖ పేజీ ఉన్నట్టుండి మూగబోయింది. కావాలనే ఆపేశారా?

చాలాసార్లు అవును. దానికి మామూలు కారణమూ ఉంటుంది: కొత్తవాళ్లు ఏ మాట బయటికి వెళ్తోందో చూసుకునేదాకా ఆగమంటారు. 2017 జనవరిలో అమెరికా పర్యావరణ సంస్థకు అలాంటి ఆదేశమే వచ్చింది. 2025 జనవరి 21న ఆ దేశ ఆరోగ్య శాఖ ఫిబ్రవరి 1 దాకా బయటి ప్రకటనలూ సోషల్ మీడియా పోస్టులూ ఆపమంది. దాంతో రోగ నియంత్రణ కేంద్రం ప్రతి వారం తెచ్చే వ్యాధుల నివేదిక ఆ వారం రాలేదు. దశాబ్దాలుగా ఆగని నివేదిక అది.

పోస్టర్లూ శుభాకాంక్షలూ రెండు వారాలు ఆగితే ఎవరికీ నష్టం లేదు. హెచ్చరికలకు మాత్రం ఆ ఆదేశంలోనే మినహాయింపు రాయాలి. రాయకపోతే కిందిస్థాయి ఉద్యోగి భయపడి అన్నీ ఆపేస్తాడు. నేనైనా ఆపేస్తాను. ఆదేశం అందిన అడ్మిన్ చేయదగ్గ తెలివైన పని ఒకటుంది: "ఫలానా రకం హెచ్చరికలు కొనసాగిస్తున్నాం" అని ఆ పూటే తిరుగు లేఖ పెట్టడం. వద్దంటే వాళ్లే రాతలో అంటారు.

శాఖ ఎప్పుడూ చెప్పే వాస్తవమే కొత్తవాళ్లకు నచ్చకపోతే పోస్టు చేయొచ్చా?

అధికారిక నివేదికలో ఉన్నదాన్ని, ఎప్పుడూ చెప్పే మాటల్లో, ఎప్పుడూ పెట్టే వేళకు పెడితే మీ పక్షాన వాదన ఉంటుంది. దెప్పినట్టు పెడితే ఉండదు. అమెరికా జాతీయ ఉద్యానవనాల సంస్థ ఈ రెండు రకాలూ ఒకే వారంలో చూసింది. 2017 జనవరి 20న ఆ సంస్థ ఖాతా 2009, 2017 ప్రమాణస్వీకారాల జనసందోహాన్ని పోల్చే ఫోటోల ట్వీట్‌ను పంచుకుంది. వెంటనే పోస్టులు ఆపమన్నారు, మర్నాడు సంస్థ క్షమాపణ చెప్పింది. నాలుగు రోజులకు బ్యాడ్‌ల్యాండ్స్ ఉద్యానవనం ఖాతాలో గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఎంత పెరిగిందో చెప్పే ట్వీట్లు వరుసగా వచ్చి, మాయమయ్యాయి. అనుమతి లేని మాజీ ఉద్యోగి పని అని వివరణ వచ్చింది.

జనం ఆ ట్వీట్ల ధైర్యం గురించి మాట్లాడుకున్నారు. నాకు మాత్రం మాజీ ఉద్యోగి చేతిలో తాళం ఎందుకుందన్నదే ఇప్పటికీ పెద్ద ప్రశ్న.

"మేం లోపలి ఉద్యోగులం" అనే ప్రత్యామ్నాయ ఖాతాల్ని నమ్మొచ్చా?

సమాచారాన్ని చూసి నమ్మండి, పేరు చూసి కాదు. 2017లో అమెరికాలో ఉద్యానవనాల శాఖ మొదలుకొని వలసల శాఖ దాకా "ఆల్ట్" పేరుతో డజన్లకొద్దీ ఖాతాలు పుట్టాయి. నడిపేది ఉద్యోగులో, అభిమానులో, ఆటపట్టించేవాళ్లో బయటివాళ్లకు తెలిసే దారి లేదు. వలస విధానాన్ని విమర్శించే అలాంటి ఒక ఖాతా వెనక ఎవరున్నారో చెప్పమని సరిహద్దు రక్షణ సంస్థ ట్విట్టర్‌కు సమన్లు ఇచ్చింది. ట్విట్టర్ 2017 ఏప్రిల్ 6న కోర్టుకెక్కింది. మర్నాడే సమన్లు వెనక్కి తీసుకున్నారు.

పాత ప్రభుత్వంలో నన్ను బ్లాక్ చేశారు. ఇప్పుడైనా తీస్తారా?

అడగండి. శాఖ ఖాతా అయితే బ్లాక్ జాబితా కొత్త బృందానికి వారసత్వంగా వస్తుంది, దాన్ని తెరిచి చూసేవాళ్లు తక్కువ. అధినేత సొంత ఖాతా అయితే ఆయన పదవితోపాటే మీ వాదనా పోయే ప్రమాదం ఉంది. ట్రంప్ తన విమర్శకుల్ని ట్విట్టర్‌లో బ్లాక్ చేయడం చెల్లదని 2018లో జిల్లా కోర్టు, 2019లో అప్పీలు కోర్టు తీర్పిచ్చాయి. 2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దగ్గరికొచ్చేసరికి ఆయన అధ్యక్షుడిగా లేరు. కేసుకు అర్థం లేదని పాత తీర్పును పక్కన పెట్టేశారు.

టిక్ ఉంది కదా, అసలుదే అనుకోవచ్చా?

అనుకోవద్దు. 2023 ఏప్రిల్‌లో ట్విట్టర్ పాత టిక్కులు తీసేసిన రోజే న్యూయార్క్ నగర ప్రభుత్వ ఖాతా "మేమే అసలు" అని రాస్తే, దాని కింద ఓ నకిలీ ఖాతా "కాదు, మేమే" అంది. ఎక్స్‌లో ప్రభుత్వాలకు బూడిదరంగు టిక్ ఇస్తున్నారు, అది కొంత నయం. శాఖ వెబ్‌సైట్ తెరిచి అక్కడున్న లింకు ద్వారా పేజీకి వెళ్లడం అన్నిటికన్నా మంచి దారి. అడ్మిన్లకు మాట: హ్యాండిల్ పేరు మార్చాల్సి వస్తే పాత పేరును గాలికి వదలొద్దు. దాన్ని పట్టుకోడానికి ఎవరో ఒకరు కాచుకుని ఉంటారు.

## మార్పు సవ్యంగా జరగనప్పుడు

సైన్యం అధికారం లాక్కుంటే ప్రభుత్వ పేజీలు ఎవరి చేతికి వెళ్తాయి?

ఆఫీసు ఎవరి చేతిలో ఉంటే సాధారణంగా వాళ్ల చేతికే. కాకపోతే వేదిక నడిపే కంపెనీ కూడా ఒక నిర్ణయం తీసుకోవాల్సి వస్తుంది. మయన్మార్‌లో 2021 ఫిబ్రవరి 1న సైనిక కుట్ర జరిగింది. ఆ వారంలోనే సైన్యం ఫేస్‌బుక్‌ను, వెనువెంటనే ట్విట్టర్, ఇన్‌స్టాగ్రామ్‌లను అడ్డుకుంది. ప్రభుత్వ సంస్థలు పోస్టులు తీసేయమని కోరేందుకు ఉన్న ప్రత్యేక దారిని ఫేస్‌బుక్ మూసింది. ఫిబ్రవరి నెలాఖరుకు సైన్యం పేజీలనే నిషేధించింది. దేశం లోపల ఏది ప్రభుత్వమో కోర్టులు తేల్చేలోగా, ఏ పేజీ నడవాలో బయటి కంపెనీ తేల్చేసింది. ఆ కేసులో దాన్ని తప్పుపట్టను గానీ, ఆ అధికారం వాళ్ల చేతిలో ఉండటం నాకు కొరుకుడు పడదు.

పాత ప్రభుత్వ ఉద్యోగుల వివరాలు ఆ ఖాతాల్లో ఉంటే?

ప్రాణాల మీదికి వచ్చే సంగతి ఇది. 2021 ఆగస్టులో తాలిబాన్లు కాబూల్ చేజిక్కించుకున్నాక గూగుల్ కొన్ని అఫ్గాన్ ప్రభుత్వ ఈమెయిల్ ఖాతాలను తాత్కాలికంగా బిగించింది. వాటిలో ఎవరు ఎవరితో పనిచేశారో ఉంటుంది మరి. పేజీ ఇన్‌బాక్సూ అంతే: ఫిర్యాదు చేసినవాళ్లు, సమాచారం ఇచ్చినవాళ్లు, ఫోన్ నంబర్లు అన్నీ అందులోనే. శాంతి కాలంలోనే పాత సందేశాల్ని రికార్డుకు ఎక్కించి ఇన్‌బాక్సు ఖాళీగా ఉంచుకునే అలవాటు చేసుకోవాలి.

## అంతా సద్దుమణిగాక

పాత ప్రభుత్వం పోస్టులు ఎక్కడ దొరుకుతాయి?

దేశాన్ని బట్టి ఉంటుంది. బ్రిటన్ జాతీయ ఆర్కైవ్స్ 2014 నుంచి ప్రభుత్వ శాఖల ట్వీట్లను, యూట్యూబ్ వీడియోలను భద్రపరిచి జనానికి చూపిస్తోంది. అమెరికాలో 1978 నాటి అధ్యక్ష రికార్డుల చట్టం కింద అధ్యక్షుడి పోస్టులూ రికార్డులే, అవి జాతీయ ఆర్కైవ్స్‌కు చేరతాయి. 2008 నుంచి ప్రతి పదవీకాలం చివరా అక్కడి గ్రంథాలయాలూ ఇంటర్నెట్ ఆర్కైవ్ కలిసి ప్రభుత్వ వెబ్‌సైట్లను తుడిచిపెట్టకముందే కాపీ తీస్తున్నాయి. అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయమైతే ఒక దశలో బహిరంగ ట్వీట్లన్నీ దాచింది. 2017 చివరికి ఆ భారం మోయలేక ఎంపిక చేసినవే తీసుకుంటామంది.

శాఖనే రద్దు చేస్తే పేజీ ఏమవుతుంది?

విలీనమైతే ఫాలోవర్లకు కొత్త చిరునామా చెప్పి, పాత పేజీని కదపకుండా వదిలేయడం మర్యాద. బ్రిటన్‌లో 2020 సెప్టెంబరులో అంతర్జాతీయ అభివృద్ధి శాఖ విదేశాంగ శాఖలో కలిసినట్టు, సంస్థ పేరు మారినా పనులు నడుస్తూనే ఉంటాయి, వెతుక్కుంటూ వచ్చేవాళ్లూ ఉంటారు. 2025 ఫిబ్రవరి మొదట్లో అమెరికా విదేశీ సహాయ సంస్థ యూఎస్‌ఎయిడ్‌కు ఆ గడువు కూడా దొరకలేదు. వెబ్‌సైట్, ఎక్స్ ఖాతా రోజుల వ్యవధిలో మాయమయ్యాయి. వేరే దేశాల్లో ఆ లింకుల మీద ఆధారపడి రాసిన పత్రాల్లో చాలా లింకులు పనిచేయకుండా పోయాయి.

స్క్రీన్‌షాట్ తీసిపెట్టుకుంటే చాలా?

మీ జ్ఞాపకానికి చాలు, ఎదుటివాణ్ని ఒప్పించడానికి చాలదు. స్క్రీన్‌షాట్‌ను ఎవరైనా తయారుచేయొచ్చు. పోస్టు లింకును ఇంటర్నెట్ ఆర్కైవ్‌వాళ్ల వేబ్యాక్ మెషీన్‌లో సేవ్ చేయించండి, తేదీ, సమయం దానంతటదే పడతాయి. కొన్ని సోషల్ మీడియా పేజీలు అక్కడ సరిగా పడవు. అలాంటప్పుడు పోస్టు పూర్తి లింకూ, తేదీ కనిపించేలా తీసిన స్క్రీన్‌షాటూ రెండూ ఒకే ఫోల్డర్‌లో పెట్టుకోండి. ఇవి చేయాల్సింది ఫలితాల రోజు పొద్దున. ప్రమాణస్వీకారం సాయంత్రానికి సగం లింకులు పనిచేయవు.